వాట్సాప్ బిజినెస్ యాప్: మా చిన్న చీరల కొట్టులో ఏడాదిన్నర వాడాక

నల్గొండలో ప్రకాశం బజార్ దగ్గర సందులో ఒక్క షట్టర్ కొట్టు మాది. చేనేత చీరలు అమ్ముతాం, ఎక్కువగా ఇక్కత్, మా వైపు మాటల్లో చెప్పాలంటే చిటికి చీరలు. అత్తమ్మ, మామయ్య గట్టుప్పల్‌లో ఉంటారు, ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, మేం అమ్మే సరుకులో సగం అక్కడిదే, మిగతాది పుట్టపాక, కొయ్యలగూడెం నుంచి తెస్తాం. కొట్టు పెట్టి ఆరేళ్లయింది. ఏడాదిన్నరగా వాట్సాప్ బిజినెస్ యాప్ వాడుతున్నాం. పక్క కొట్ల వాళ్లు, చుట్టాలు ఎలా ఉంది, ఏం పెడుతున్నారు, ఎంత ఖర్చవుతోంది అని అడుగుతూనే ఉన్నారు, అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నా. తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తా: యాప్‌కు పైసా ఖర్చు లేదు, బాగా పనికొస్తుంది, మా లాంటి కొట్టుకు ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. కానీ ఖాళీ గల్లాపెట్టె కొనుక్కొచ్చినంత మాత్రాన డబ్బు రాదు కదా, ఇదీ అంతే, అందులో రోజూ ఏం పెడుతున్నామో దాన్ని బట్టే ఫలితం.

దీనికి ముందు ఏం చేశామో చెప్పకపోతే నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కాదు. సోషల్ మీడియా మొత్తం మేమే చూసుకుంటాం అని ఒకాయన వచ్చాడు, నెలకు 6 వేలు, మూడు నెలలకు ఒకేసారి కట్టాం. వారానికి నాలుగు పోస్టర్లు వేసేవాడు. పండగ శుభాకాంక్షలు, గుడ్ మార్నింగ్, బంగారు రంగు అంచు వేసిన బొమ్మలు, కింద మా కొట్టు పేరు. మొదట్లో చూసి సంతోషపడ్డాం. రెండో నెలలో తిప్పర్తి నుంచి ఒకామె వాళ్లమ్మాయి పెళ్లి కోసం అని బస్సెక్కి వచ్చి, ఫోన్ తీసి, ఈ చీర చూపించండి అంది. నెమలి రంగు, ఎర్రంచు, చాలా బాగుంది. అది మా చీర కాదు. మా దగ్గర ఎప్పుడూ లేదు. ఆయన నెట్‌లో ఎక్కడి నుంచో ఫొటో తీసి మా పేరు వేసి పెట్టేశాడు. ఆమెకు ఏం చెప్పాలో తెలియక, అయిపోయిందమ్మా అని అబద్ధం చెప్పడానికి నోరు రాక, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మగ్గం మీద నెలంతా కూర్చుని నేసిన చీరలు అల్మారాలో ఉండగా, పక్కవాళ్ల చీర ఫొటో మా పేరు మీద తిరగడం ఏంటి? మర్నాడే ఆయన్ని మానిపించాం, మిగిలిన నెల డబ్బులు వెనక్కి రాలేదు.

అప్పుడు మా ఆడపడుచు చెప్పింది, వదినా, ఎవరికో డబ్బులిచ్చే బదులు నువ్వే వాట్సాప్ బిజినెస్ పెట్టు, ఫొటోలు నువ్వే తియ్యి అని. మన దేశంలో ఈ యాప్ 2018 నుంచే ఉంది, నేనే ఆలస్యంగా తెలుసుకున్నా. మామూలు వాట్సాప్ ఒక నంబర్‌తో, ఇది వేరే నంబర్‌తో, రెండూ ఒకే ఫోన్‌లో ఉంటాయి. ఇంటి గ్రూపులు, పిల్లల స్కూల్ గ్రూపులు ఒకవైపు, కొట్టు వ్యవహారం ఇంకోవైపు అయ్యేసరికి సగం టెన్షన్ అక్కడే తగ్గింది. కేటలాగ్ అని ఉంటుంది, అందులో చీర ఫొటోలు, ధర, రెండు ముక్కల వివరం పెట్టుకోవచ్చు, 500 దాకా పడతాయి, మాకు ఎప్పుడూ 60 దాటలేదు. ఎవరైనా ఏమున్నాయక్కా అని అడిగితే ఒక్కో ఫొటో వెతికి పంపక్కర్లేదు, ఆ లింక్ పంపిస్తే చాలు. లేబుళ్లు ఇంకా మంచివి. కొత్త ఆర్డర్, డబ్బు రావాల్సింది, డబ్బు వచ్చింది, ఇలా రంగురంగుల గుర్తులుంటాయి, ఎవరి చాట్‌కు ఏది వర్తిస్తే అది తగిలిస్తే రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు ఎవరికి పార్సిల్ పంపాలో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇంతకుముందు అదంతా క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. పదేపదే అడిగే వాటికి, అంటే కొట్టు ఎక్కడ, పార్సిల్ ఎన్ని రోజులు, మొదటిసారి ఎలా ఉతకాలి, జవాబులు ముందే రాసి పెట్టుకుంటే ఒక ఏటవాలు గీత (/), దాని పక్కన చిన్న మాట కొడితే మొత్తం జవాబు వచ్చేస్తుంది. ఉతకడం గురించిన జవాబు మామయ్యే చెప్పారు, నేను రాసుకున్నా.

ఖర్చంటే ఫోన్ స్టాండుకు 350 రూపాయలు, తెల్ల దుప్పటి ఒకటి ఇంట్లోదే, సంచి మీద క్యూఆర్ కోడ్ ముద్రకు చిల్లర ఖర్చు. అంతే.

ఇక అసలు విషయం, ఏం పెట్టాలి అన్నది. మొదటి నెల నేనూ మడత చీరల ఫొటోలే పెట్టాను, స్టేటస్ చూసేవాళ్లు గానీ, జవాబు మాత్రం వచ్చేది కాదు. ఒక ఆదివారం గట్టుప్పల్ వెళ్లినప్పుడు మామయ్య వాకిట్లో చిటికి విప్పుతున్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతా. ఇక్కత్‌లో నేసిన తర్వాత బట్ట మీద రంగు వేయరు, నేయకముందే పోగుకు వేస్తారు. పోగుల్ని కట్టలుగా సాగదీసి, డిజైన్ ప్రకారం గీతలు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలు చుట్టి బిగిస్తారు. అప్పుడు రంగులో ముంచుతారు. ఆరాక ఆ రబ్బరు విప్పితే లోపల తెలుపు తెల్లగానే ఉంటుంది. మళ్లీ కట్టు, మళ్లీ ఇంకో రంగు. ఆ రోజు ముదురు ఎరుపు అద్దిన పోగు మీద మామయ్య చిన్న బ్లేడు ముక్కతో కట్టు కోసి, వేలితో లాగుతుంటే, టప్ మని రబ్బరు ఊడి, కింద నుంచి బియ్యపు గింజంత తెల్ల చుక్క బయటపడుతోంది. ఒకదాని పక్కన ఒకటి. పది కట్లు విప్పేసరికి ఏనుగు తొండం కనిపించింది. ఆయన గోళ్ల చుట్టూ ఎరుపు, బొటనవేలి మీద పాత కోత మచ్చ. నేను ఫోన్ పెట్టగానే, "బిడ్డా, నా మొఖం వద్దు, చేతులు తియ్యి చాలు" అన్నారు. చేతులే తీశాను, 40 సెకన్లు, పాట పెట్టలేదు, వెనక కోడి కూత కూడా అలాగే వదిలేశాను. కింద ఒకటే మాట రాశాను: ఈ పోగు చీర కావడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది.

ఆ సాయంత్రం వచ్చినన్ని జవాబులు అంతకుముందు నెల మొత్తంలో రాలేదు. చీర అయ్యాక చెప్పక్కా, మా అమ్మమ్మ కూడా ఇలాగే కట్టేది, ఏనుగేనా లేక గుర్రమా, ఇలాంటివి. మిర్యాలగూడలో ఉండే ఒక టీచరమ్మ మాత్రం, ఇది నాకే ఉంచండి, అడ్వాన్స్ ఎంత పంపాలి అని అడిగింది. చీర ఇంకా మగ్గం ఎక్కనే లేదు! ఆ మూడు వారాలూ ఆమెకు ఫొటోలు పంపాం, పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి అతికినప్పుడు, మొదటి మూర నేసినప్పుడు, కొంగు మొదలైనప్పుడు. అవే ఫొటోలు స్టేటస్‌లోనూ పెట్టాం. ఒక్క చీర మూడు వారాలకు సరిపడా కబుర్లు ఇచ్చింది. రోజూ ఏం పోస్ట్ చేయాలో తోచడం లేదు అనే మా లాంటి వాళ్లకు నేను చెప్పేది ఇదే, మీ దగ్గర తయారయ్యే వస్తువు ఒక్కటి పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా దాని వెంట నడవండి.

అత్తమ్మ ఆసు పోసే వీడియో కూడా పెట్టాం, అంటే రంగు అద్దకముందు పోగును మేకుల చుట్టూ తిప్పి వరసపెట్టడం. ఇప్పుడు యంత్రం మీద పోస్తుంది, ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే అవస్థ చూడలేక తయారు చేసిన లక్ష్మీ ఆసు యంత్రం, దానికే ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో పోసినన్నాళ్లూ ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది, అత్తమ్మ కుడి భుజం ఇప్పటికీ పైకి లేవదు. వీడియోలో అత్తమ్మే ఆ మాట చెప్పింది. చీర ధర ఎక్కువ అని బేరం ఆడేవాళ్లకు నేను ఇప్పుడు వాదించను, ఆ వీడియో పంపిస్తా.

ఇంకో పోస్ట్ మాకు చాలా మేలు చేసింది. బజార్లో ఇక్కత్ డిజైన్ ప్రింట్ వేసిన బట్ట విపరీతంగా దొరుకుతోంది, 600 రూపాయలకు ఇక్కత్ చీర అంటే అదే. మా చీర, ప్రింట్ చీర పక్కపక్కన పరిచి, రెండింటినీ తిరగేసి చూపించాను. నేసిన దానికి రంగు పోగులోనే ఉంటుంది కాబట్టి వెనకా ముందూ ఒకేలా ఉంటుంది, ప్రింట్‌కు వెనక వెలిసినట్టు ఉంటుంది. అలాగే అసలు దానిలో బొమ్మ అంచు స్కేలుతో గీసినట్టు ఉండదు, పోగు కాస్త అటూ ఇటూ జరిగి మసగ్గా పాకినట్టు ఉంటుంది, కొంతమంది అది లోపం అనుకుని చీర తిప్పి పంపేవాళ్లు. ప్రింట్ వేసుకోవడం తప్పేమీ కాదు, దాన్ని చేనేత అని అమ్మడం తప్పు, ఆ మాట అందులో సూటిగానే అన్నా. చూసినవాళ్లు తమ ఇంట్లో చీరలు తిరగేసి ఫొటోలు పంపి ఇది అసలుదేనా అని అడగడం మొదలుపెట్టారు. అందరికీ జవాబు ఇచ్చాను, అమ్మకం ఉన్నా లేకున్నా. నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ బట్ట, పుట్టపాక తేలియా రుమాల్ గురించి, నూలును నూనె, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టడం గురించి, దానికి 2020లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి ప్రత్యేకత అనే ప్రభుత్వ ముద్ర, రావడం గురించి పెట్టింది కూడా బాగా నడిచింది, అది నల్గొండ వాళ్లకే చాలామందికి తెలియదు.

ధర దగ్గరకొస్తే నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. ధర కోసం మెసేజ్ చేయండి అని రాసే పద్ధతి మానేయండి. అడిగి, మనకు తాహతు లేదని తేలితే చిన్నతనం అని చాలామంది ఆడవాళ్లు అసలు అడగనే అడగరు, ఫొటో చూసి వదిలేస్తారు. మేం కాటన్ అయితే కాటన్, సికో (పట్టు, నూలు కలిపి నేసేది) అయితే సికో, పట్టు అయితే పట్టు అని రాసి పక్కనే ధర రాస్తాం. పక్క కొట్టు వాళ్లకు మన ధర తెలిసిపోతుందని మా ఆయన భయపడ్డారు. తెలిస్తే తెలియనివ్వండి, కొనేవాళ్లకు తెలియడం ముఖ్యం.

వెలుతురు సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నా. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మిరపపండు ఎరుపు కాస్తా వంగపండు రంగులోకి పోతుంది, ఇంటికి చేరాక రంగు వేరే ఉందని మూడు చీరలు వెనక్కి వచ్చాయి, రానూపోనూ పార్సిల్ ఖర్చు మాదే. ఇప్పుడు పొద్దున 9 లోపు లేదా సాయంత్రం 4 తర్వాత, షట్టర్ ముందు నీడలో, తెల్ల దుప్పటి మీద పరిచి తీస్తాం, ఎండలో కాదు. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కి పంపుతాం, లేకపోతే ఫొటో నాణ్యత తగ్గిపోయి పోగు కనిపించదు. ఫిల్టర్ జోలికి పోవద్దు, చీరలకైతే అసలే వద్దు.

ఇందులో పరిమితులు ఉన్నాయి, అవీ తెలుసుకోవాలి. ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదానిలో 256 మంది వరకే పడతారు, పైగా మన నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. స్టేటస్ కూడా అంతే, ఇద్దరి ఫోన్లలోనూ నంబర్లు ఉండాలి, 24 గంటల్లో పోతుంది. అందుకని బిల్లు ఇచ్చేటప్పుడు మీ ఫోన్‌లో మా నంబర్ సేవ్ చేసుకోండమ్మా, కొత్త చీర వస్తే కనిపిస్తుంది అని చెబుతాం, చాలామంది అక్కడే నిలబడి సేవ్ చేసుకుంటారు. మా దగ్గర ఇలా కూడినవాళ్లు 400 చిల్లర, అంతకు మించి లేరు. కానీ వాళ్లంతా కొట్టుకు వచ్చి చీర పట్టుకుని చూసినవాళ్లు. దీనికి అడ్డదారి అని చెప్పి వెయ్యి నంబర్లు, 2 వేల నంబర్లు అమ్మేవాళ్లు ఉంటారు, దయచేసి కొనకండి. ముక్కూమొహం తెలియని వాళ్లకు మెసేజ్ వెళితే బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు, అలాంటివి ఎక్కువైతే నంబరే ఆగిపోతుంది. సంచి మీద, బోర్డు మీద అచ్చు వేయించుకున్న నంబర్ అది. ఒకటే సూత్రం పెట్టుకున్నాం, బ్రాడ్‌కాస్ట్ నెలకు రెండుసార్లే, మిగతా అంతా స్టేటస్‌లో, చూడాలనుకున్నవాళ్లు చూస్తారు.

పోయిన బతుకమ్మకు చేసింది నాకు చాలా ఇష్టం. తొమ్మిది రోజులు, రోజుకో చీర, ఆ రోజు బతుకమ్మ పేరుతో. ఎంగిలిపూల నాడు తంగేడు పసుపు కాటన్, ముద్దపప్పు నాడు లేత పసుపు, వెన్నముద్దల నాడు గంధం రంగు సికో, సద్దుల నాడు అత్తమ్మ పెళ్లినాటి పట్టుచీర, అది అమ్మకానికి కాదు, చూపించడానికే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం పెట్టరు కదా, అందుకని మేం కూడా చీర పెట్టలేదు, ఆగిన మగ్గం ఫొటో ఒకటి పెట్టి ఊరుకున్నాం. ఆ ఒక్క ఫొటోకు వచ్చిన ఫోన్లు చెప్పలేను, ఏమైంది అక్కా, అందరూ బాగున్నారా అని. విషయం చెబితే మళ్లీ వాళ్లే నవ్వి, మా ఇంట్లో కూడా పిల్లలకు ఈ పేరు ఎందుకొచ్చిందో చెప్పాం అన్నారు. చీరలు పెట్టిన ఎనిమిది రోజుల్లో అమ్మకానికి ఉన్నవి ఏడు, అందులో ఆరు అవే రోజుల్లో పోయాయి. ఖర్చు సున్నా. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నాడు కూడా, 1905 స్వదేశీ ఉద్యమం గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నది, పోస్టర్ వేసే బదులు మాకు నేసి ఇచ్చే ఐదుగురి చేతుల ఫొటోలు, వాళ్లను అడిగి, పేర్లతో పెట్టాం.

ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉంది మాకు. చిటికి విప్పే వీడియో అక్కడ ఎక్కువ మంది చూశారు, ఎక్కడెక్కడి వాళ్లో ధర అడిగారు, కొన్నది ఇద్దరు. కొత్తవాళ్లకు తెలియడానికి అది మంచిది, అమ్మకం మాత్రం వాట్సాప్‌లోనే అవుతోంది. బిజినెస్ ఖాతా అయితే సినిమా పాటలు చాలావరకు దొరకవు, మాకు దానితో పని లేదు, మగ్గం చప్పుడే పెడతాం. గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు పేరు, సరైన టైమింగ్స్, ముందు బోర్డు ఫొటో పెట్టుకోవడం కూడా ఉచితమే, సందులో ఉన్న కొట్టుకు అది తప్పనిసరి. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తాం అనకండి, గూగుల్ నియమాలకు అది విరుద్ధం.

చీరలు కాకపోతే ఎలా అని అడుగుతారు. మా చెల్లెలు దేవరకొండలో జాకెట్లు కుడుతుంది, మగ్గం వర్క్, అంటే జాకెట్ మీద ఎంబ్రాయిడరీ, కూడా చేస్తుంది. కొలత తప్పిన జాకెట్‌ను విప్పి సరిచేయడం తీసి పెట్టింది, దానికే ఎక్కువ మంది వచ్చారు, ఎందుకంటే ప్రతి ఆడమనిషి దగ్గరా అలాంటి జాకెట్ ఒకటి ఉంటుంది. నార్కట్‌పల్లి రోడ్డు మీద బత్తాయిలు అమ్మే మా ఊరి అబ్బాయి ఒకతను పొద్దున్నే తోటలో కోస్తున్న ఫొటో, ఆ రోజు కిలో ధర, బండి ఎక్కడ ఆపాడో, మూడే పెడతాడు. టిఫిన్ సెంటర్ అయితే ఇవాళ్టి చట్నీ చాలు.

యాప్‌కు నేనైతే 5కు 4 ఇస్తా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే లెక్కలు ఇందులో కుదరవు. ఎవరు ఎంత బాకీ, ఏ చీర కొనుగోలు ఎంత, అది వేరే పుస్తకంలో రాసుకోవాల్సిందే. ఇంకా ఒక్కరే కొట్టు చూసుకునేవాళ్లకు జవాబులు ఇవ్వడానికి రోజూ గంట, గంటన్నర పడుతుంది, ఆ సమయం లెక్కలో పెట్టుకోండి. రాత్రి 9 తర్వాత వచ్చేవాటికి పొద్దున్నే చెబుతాం అని తనంతట తనే వెళ్లే మెసేజ్ పెట్టుకున్నా, అదీ యాప్‌లోనే ఉంది.

తిప్పర్తి ఆమె నంబర్ ఆ రోజు నేను తీసుకోలేదు. నెమలి రంగు, ఎర్రంచు చీర ఒకటి నేయమని మామయ్యకు చెప్పా, పోయిన వారం మగ్గం ఎక్కింది. రోజుకో ఫొటో స్టేటస్‌లో పెడుతున్నా. మీకు తెలిసినవాళ్లలో అమ్మాయి పెళ్లి కోసం నల్గొండ వచ్చి ఆ చీర దొరక్క వెళ్లిపోయిన ఆమె ఉంటే, ఈసారి అది మా దగ్గర నిజంగానే ఉందని చెప్పండి.